గరిటె చేతికిచ్చి దారి చూపుతున్నారు

అన్నం పెట్టే చేతులకు మనలో కొదవ లేదు. గోదావరి లంకల్లో ఆకలన్నవారికి లేదనకుండా పెట్టిన డొక్కా సీతమ్మ గారిని ఈనాటికీ తలచుకుంటాం. అమెరికా వచ్చాక కూడా గుళ్లలో, సంఘాల తరఫున అన్నదానాలు చేస్తూనే ఉన్నాం. అయితే అన్నం పెట్టడంతో ఆగకుండా, తినడానికి వచ్చినవాడి చేతికే గరిటె ఇచ్చి, జీతం తెచ్చుకునే వంటవాడిగా తయారు చేసే చోటు ఒకటి వాషింగ్టన్‌లో ఉంది. పేరు డీసీ సెంట్రల్ కిచెన్. వారాంతాల్లో అక్కడ వలంటీర్లుగా కూరగాయలు తరిగే మేం కొందరం, ఆ పని ఎలా ఉంటుందో తోటి తెలుగువారికి చెబుదామనుకున్నాం.

విందులో మిగిలిన దానితో...

దీన్ని స్థాపించిన రాబర్ట్ ఎగ్గర్ అంతకుముందు నైట్‌క్లబ్ మేనేజర్. 1989 జనవరిలో సీనియర్ బుష్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు విందుల్లో మిగిలిన ఆహారాన్ని ఫ్రిజ్ ఉన్న వ్యాన్‌లో తెచ్చి షెల్టర్లకు పంచారు. తర్వాత ఇల్లూ వాకిలీ లేనివారికే వంట నేర్పడం మొదలుపెట్టారు. చాలా ఏళ్లు ఒక షెల్టర్ బేస్‌మెంట్‌లో నడిచిన ఈ కిచెన్, 2023లో బజార్డ్ పాయింట్‌లోని పెద్ద భవనంలోకి మారింది. 2010లో వరల్డ్ సెంట్రల్ కిచెన్‌ను స్థాపించిన షెఫ్ హోసే ఆండ్రెస్ కూడా ఒకప్పుడు ఇక్కడ వలంటీరే.

ఇక్కడ మేమే శిష్యులం

శిక్షణకు వచ్చేవారిలో జైలు నుంచి విడుదలైనవారు, మత్తుమందుల నుంచి బయటపడ్డవారు, ఏళ్ల తరబడి ఉద్యోగం లేనివారు ఉంటారు. ఫీజు లేదు. కత్తి పట్టడం దగ్గర్నుంచి నేర్పుతారు. ఇంట్లో ఎన్నేళ్లు వండినా, ఉల్లిపాయ పట్టుకునేటప్పుడు వేళ్ల కొసలు లోపలికి ముడవాలని మాకు చూపించేది వాళ్లే! పదేళ్లు జైల్లో ఉండి వచ్చిన మనిషి పక్కన నిలబడి ఓపిగ్గా నేర్పుతుంటే, అంతకు ముందున్న బెరుకు కాస్తా పోతుంది.

ఆహార భద్రత మీద సర్వ్‌సేఫ్ పరీక్ష కూడా పాసవ్వాలి. చికెన్ లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి రావాలి. వండింది నిల్వ చేయాలంటే 135 నుంచి 70 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కణ్నుంచి 41కి మరో నాలుగు గంటల్లో చల్లారాలి. అందుకే పెద్ద గిన్నెలో ఉన్నదాన్ని లోతు లేని ట్రేల్లోకి పోస్తారు. సాంబారు గిన్నెను రాత్రంతా పొయ్యి మీదే ఉంచే మన అలవాటు ఇక్కడ చెల్లదు.

వంట కన్నా కష్టం

నిజానికి వంట నేర్పడం తేలికే అంటారు అక్కడివాళ్లు. పొద్దున్నే టైముకి రావడం, షెఫ్ గట్టిగా అరిచినా ఏప్రన్ విసిరేసి పోకుండా నిలబడటం కష్టం. అందుకే తమ మీద తమకు నమ్మకం కలిగించే క్లాసులు వంటతో పాటే ఉంటాయి. బస్సు దొరక్క, పిల్లల్ని చూసేవారు లేక, పాత స్నేహాలు వదలక మధ్యలో మానేసేవారూ ఉంటారు. పోయిన వారం పక్కన నిలబడి క్యారెట్లు తరిగిన మనిషి ఈ వారం కనిపించకపోతే ఏమైందోనని మనసు పీకుతుంది. అడగాలంటే భయం. మరికొన్నాళ్లకు ఇంకొకరు ఫలానా హోటల్లో పని దొరికిందని నవ్వుతూ చెబితే, ఆ రోజు మాక్కూడా పండగే. పాసైనవారిలో కొందరిని ఈ కిచెనే పనిలో పెట్టుకుంటుంది. నగరంలోని బడి పిల్లల భోజనాలు వండేవారిలో వాళ్లూ ఉన్నారు.

మనం చేయగలిగింది

వారాంతంలో మూడు గంటలు కేటాయించండి. కాలేజీ దరఖాస్తుల్లో రాసుకోవడానికే కాదు, పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లండి (వయసు నిబంధనలు ముందే కనుక్కోండి). ఇంకో మాట మన రెస్టారెంట్ యజమానులకు. వంటవాళ్లు దొరకడం లేదని మీరంతా అంటున్నారు. ఇలాంటి వంటబడులు అమెరికాలోని ఇతర నగరాల్లోనూ ఉన్నాయి. సియాటిల్‌లో ఫేర్‌స్టార్ట్ అలాంటిదే. అక్కడ నేర్చుకున్నవారికి దోసె వేయడం మీరు నేర్పొచ్చు. పాత కేసు ఉందని దరఖాస్తు పక్కన పడేయకుండా, ఒక్కసారి పిలిచి పెనం ముందు నిలబెట్టి చూడండి. వాళ్లకు కావలసింది మన జాలి కాదు, నెల తిరిగేసరికి చేతికందే జీతం.