జలుబు గోలి మింగి దమ్ము పరీక్షకు పోతే?

మొన్న మా చెల్లె కొడుకును దమ్ము పరీక్షకు పట్నం తోల్కపోయిన. మిషిన్ మీద ఉరికిచ్చి, ముందు ఒకసారి, ఎనుక ఒకసారి ఊదిచ్చి చూసే పరీక్ష. "ఏం గోలీలు ఏసుకున్నవ్?" అని అడిగిర్రు. పోరడు రాత్రే తుమ్ములకు మెడికల్ షాపు గోలి మింగిండు. పరీక్ష చెయ్యలే. బస్సు కిరాయి, చెల్లె ఒక దినం కూలి గంగల కలిసినయి. తేదీ ఇచ్చిన్నాడు ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది?

సంగతేందంటే, ఆ గోలీల చానవాటిల్ల రెండు మందులు కలిసి ఉంటయి. లెవోసిట్రిజిన్ హిస్టమిన్‌ను అడ్డుకుంటది, మాంటెలుకాస్ట్ ల్యూకోట్రైన్లను అడ్డుకుంటది. ఆస్తమా ఉన్నోళ్లు ఉరికితే దమ్ము గొట్టాలు బిగుసుకునేది ఈ రసాయనాలతోనే. వాటిని ఆపితే గొట్టం అంతగ బిగుసుకోదు. రోగం ఉన్నా "ఏం లేదు" అని రిపోర్టు రావొచ్చు.

అందుకే ఇసుంటి పరీక్షకు అలర్జీ గోలిని 3 దినాలు, మాంటెలుకాస్ట్‌ను 4 దినాల ముందు నుంచి ఆపుమంటరు. చర్మం మీద గుచ్చే అలర్జీ పరీక్షకైతే వారం దాకా. మామూలు స్పైరోమెట్రీని అలర్జీ గోలి అంతగ చెడగొట్టదు. దానికి ముందుగాల పీల్చిన ఇన్‌హేలరే లెక్క తప్పిస్తది.

తమ్మీ, చెల్లే, సొంతంగ మాత్రం మందులు బంజెయ్యకుర్రి. ఏది ఎన్ని దినాలు ఆపాలెనో డాక్టర్‌ను అడుగుర్రి, గోలీల అట్ట ఎంబడి పట్టుకపోర్రి. నడుమ దమ్ము ఆడకపోతే పరీక్ష పోతే పోయింది, ఇన్‌హేలర్ పీల్చుర్రి. అడుగుడు మన హక్కు, ముందే చెప్పుడు దవాఖాన పని.