గృహవైద్యం ఆగవలసిన చోటు

స్త్రీ పురుష సంయోగం సృష్టిధర్మం. అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. అయితే దాని పర్యవసానాలు ఎరుగకుండా అడుగు వేయడం మాత్రం ప్రమాదకరం. పెద్దలు చెప్పడానికి సంకోచిస్తారు. పిల్లలు అడగడానికి భయపడతారు. ఈ మౌనమే అనేక అనర్థాలకు మూలం.

పదహారేళ్లు నిండని స్త్రీకి, ఇరవైఐదేళ్లు నిండని పురుషునివల్ల నిలిచిన గర్భం కడుపులోనే నశించగలదనీ, శిశువు జన్మించినా బలహీనంగా ఉంటుందనీ సుశ్రుత సంహిత శారీరస్థానం హెచ్చరిస్తుంది. నేటి చట్టం వివాహ వయస్సును స్త్రీకి 18, పురుషునికి 21 సంవత్సరాలుగా నిర్ణయించింది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారితో సంయోగం, వారు సమ్మతించినా నేరమే. అయినప్పటికీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 29 మందికి పద్దెనిమిదేళ్లలోపే వివాహమైనట్లు తేలింది. కనుక వినుకొండలోగాని, మాచర్లలోగాని ఇది పరాయి ఇంటి సమస్య అనుకోరాదు.

గర్భం: ఒక్క కలయికతోనైనా గర్భం నిలువవచ్చు. ముట్టు తప్పగానే పచ్చి బొప్పాయి, నువ్వులు, బెల్లం తినిపించి ఎదురుచూడటం కాలహరణమే. నాటు వేరుమందులు తీవ్ర రక్తస్రావం కలిగించి ప్రాణం తీయగలవు. రక్షణలేని కలయిక జరిగితే 72 గంటలలోపు అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవాలి; ఎంత త్వరపడితే అంత మేలు. నిలిచిన గర్భాన్ని అది తొలగించదు. అప్పుడు అర్హతగల వైద్యురాలే శరణ్యం. మైనరు బాలికకు గర్భస్రావం చేయాలంటే సంరక్షకుల వ్రాతపూర్వక అంగీకారం కావాలి.

వ్యాధులు: పదహారవ శతాబ్దంలో భావమిశ్రుడు భావప్రకాశంలో వర్ణించిన ఫిరంగరోగమే నేటి సిఫిలిస్. దాని తొలి పుండు నొప్పి లేకుండా వచ్చి, దానంతటదే మానిపోతుంది; రోగం మాత్రం లోపలే ఉంటుంది. సెగవ్యాధి స్త్రీలలో తరచు లక్షణాలు చూపదు గాని సంతానలేమికి దారితీయవచ్చు. హెచ్.ఐ.వి. ఏళ్ల తరబడి దాగి ఉండగలదు. చలువ కషాయాలు వీటిని నయం చేయలేవు. సిఫిలిస్‌కు పెన్సిలిన్ ఉంది. నిరోధ్ సక్రమంగా వాడితే ఈ వ్యాధుల ముప్పు చాలా తగ్గుతుంది. హెచ్.ఐ.వి. పరీక్ష ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. సందేహాలకు 1097 నంబరు ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్.పి.వి. సోకకుండా 9-14 ఏళ్ల మధ్య టీకా వేయించడం ఉత్తమం.

తల్లిదండ్రులకు మనవి: ఆడపిల్లకే గాక మగపిల్లవానికీ ఈ విషయాలు చెప్పండి. పొరపాటు జరిగిందని బిడ్డ మీ వద్దకు వస్తే ముందుగా వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. మందలింపు తరువాతైనా చేయవచ్చు. గడచిన 72 గంటలు మాత్రం తిరిగిరావు.