అందరినీ కూర్చోబెట్టిన కుర్చీ

పెళ్లి పందిరి, టీకొట్టు, గ్రామసభ, కోచింగ్ సెంటర్, అపార్టుమెంటు వాచ్‌మన్ గది. ఎక్కడ చూసినా అదే ప్లాస్టిక్ కుర్చీ. బరువు రెండున్నర కిలోలకు అటూ ఇటూ. మేకు లేదు, మర లేదు, అతుకు లేదు. చౌకగా దొరుకుతుంది కాబట్టి అందులో విశేషమేమీ ఉండదని అనుకుంటాం. కానీ నోబెల్ బహుమతి అందుకున్న రసాయన పరిశోధన, వందల టన్నుల బలంతో బిగిసే యంత్రం, పాతికేళ్లపాటు ఎందరో డిజైనర్లు పడిన శ్రమ కలిస్తేనే ఈ కుర్చీ పుట్టింది. చిన్న ఇంట్లో తక్కువ ఖర్చుతో హాయిగా కూర్చునే ఏర్పాటు చేసుకోవాలనుకునేవారికి దీని కథ తెలియడం అవసరం. ఎలా పుట్టిందో తెలిస్తే మంచిదాన్ని ఎంచుకోవడం తేలిక.

ఒకే ముక్క కోసం పాతికేళ్లు

కొయ్య కుర్చీలో కాళ్లు, కూర్చునే పలక, వీపు వేరువేరు భాగాలు. వాటిని కలిపే కీళ్ల దగ్గరే వడ్రంగికి ఎక్కువ పని. కొన్నాళ్లకు ముందుగా వదులయ్యేవీ ఆ కీళ్లే. అసలు కీళ్లే లేకుండా కుర్చీ మొత్తాన్ని ఒకే ముక్కగా పోతపోస్తే? రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే ఈ ఆలోచన డిజైనర్లను పట్టుకుంది. కెనడాలో డి.సి. సింప్సన్ 1946లోనే ఒకదానిమీద ఒకటి పేర్చగల ప్లాస్టిక్ కుర్చీకి నమూనా చేశాడు. కానీ అది భారీ ఉత్పత్తి దాకా రాలేదు. ఆ పని చేయగల పదార్థం అప్పటికి లేదు.

తర్వాతి ఇరవై ఏళ్లలో అందరూ ఆ గమ్యం దగ్గరిదాకా వచ్చి ఆగినవారే. 1950లో అమెరికాలో ఈమ్స్ దంపతులు ఫైబర్‌గ్లాస్ పోతతో కుర్చీ చేశారు. పలక, వీపు ఒకే ముక్క, కాళ్లు మాత్రం లోహానివి. 1963లో బ్రిటన్‌లో రాబిన్ డే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన కుర్చీని తెచ్చాడు. దానికీ కాళ్లు ఉక్కువే. 1966లో జర్మన్ డిజైనర్ హెల్ముట్ బెట్స్‌నర్ కాళ్లతో సహా ఒకే ముక్కగా కుర్చీని ప్రెస్సులో ఒత్తి తీయించాడు. కానీ దానికి వాడింది గాజుపోగులు కలిపిన పాలిస్టర్, పాలీప్రొపిలీన్ కాదు. ఇటలీలో జో కొలంబో అచ్చులోకి ప్లాస్టిక్‌ను పంపే పద్ధతిలోనే కుర్చీ చేయించినా, కాళ్లు విడిగా బిగించాల్సి వచ్చింది.

డెన్మార్క్‌కు చెందిన వెర్నర్ ప్యాంటన్ రూపొందించిన కుర్చీ 1967లో మార్కెట్లోకి వచ్చింది. కాళ్లన్నవే లేకుండా వంపు తిరిగి నిలబడే ఆ కుర్చీ ప్రపంచ ప్రసిద్ధమైంది. కానీ వాడిన ప్లాస్టిక్ ముసలిదై విరిగిపోతుండడంతో 1979లో తయారీ ఆపేశారు. చివరికి 1999లో ఆ కుర్చీ కూడా పాలీప్రొపిలీన్ దగ్గరికే వచ్చింది.

మిలాన్‌లో దొరికిన జవాబు

పెట్రోలియం శుద్ధి చేసేటప్పుడు వచ్చే వాయువుల్లో ప్రొపిలీన్ ఒకటి. దాని అణువులను గొలుసులా కలిపితే పాలీప్రొపిలీన్ వస్తుంది. మొదట్లో ఆ గొలుసుకు అటూ ఇటూ ఉండే చిన్న కొమ్మలు ఒక వరుస లేకుండా పడేవి. దాంతో జిగురులాంటి మెత్తని ముద్ద తప్ప పనికొచ్చే పదార్థం తయారయ్యేది కాదు. 1951లో అమెరికాలో ఫిలిప్స్ పెట్రోలియం సంస్థకు చెందిన హోగన్, బ్యాంక్స్ గట్టి పాలీప్రొపిలీన్‌ను చూశారు. 1954లో ఇటలీలోని మిలాన్‌లో జూలియో నాటా, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన తరహా ఉత్ప్రేరకాన్ని వాడి, కొమ్మలన్నీ ఒకే వైపు వరుసగా ఉండే గొలుసులను తయారుచేశాడు. వరుస కుదిరిన గొలుసులు ఒకదానిపక్కన ఒకటి దగ్గరగా సర్దుకుని స్ఫటికాల్లా గట్టిపడతాయి. ఈ కృషికి 1963లో జీగ్లర్, నాటాలిద్దరూ రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు.

కుర్చీకి కావలసిన గుణాలన్నీ ఈ పదార్థంలో ఉన్నాయి. సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 0.9 గ్రాములు, అంటే నీటిమీద తేలుతుంది. 160 డిగ్రీల సెల్సియస్ దాటాక గాని కరగదు. నీళ్లు పీల్చదు, తుప్పు పట్టదు, చెదలు తినవు. వంచితే వంగి మళ్లీ తన స్థితికి వస్తుంది. టిఫిన్ డబ్బాల మూతలకు ఉండే పల్చటి మడత వేలసార్లు వంచినా తెగకపోవడానికి కారణం ఇదే గుణం.

నిమిషానికో కుర్చీ

ఫ్రాన్స్‌లో ఒయొనా అనే ఊరు దువ్వెనల తయారీకి పేరు పొందింది. కొయ్య, కొమ్ముల నుంచి సెల్యులాయిడ్‌కు, అక్కడి నుంచి ప్లాస్టిక్‌కు ఆ ప్రాంతం మారింది. ఆ దగ్గరే ప్లాస్టిక్ కార్ఖానా నడిపిన ఆన్రీ మాసోనే 1972లో ‘ఫోతయ్ 300’ అనే చేతుల కుర్చీని తెచ్చాడు. నాలుగు కాళ్లు, రెండు చేతులు, పలక, వీపు అన్నీ ఒకే పోతలో, రెండు నిమిషాల లోపే తయారయ్యేవి. ఈ రోజు మనం వాడే ప్లాస్టిక్ కుర్చీకి మూలరూపంగా దీన్నే చెబుతారు. ఇలా ఒకే ముక్కగా వచ్చే కుర్చీలను మోనోబ్లాక్ కుర్చీలంటారు. 1980లలో మరిన్ని సంస్థలు రంగంలోకి దిగాక ధర బాగా పడిపోయి, ఈ కుర్చీ ప్రపంచమంతా పాకింది.

దీని తయారీ సూత్రం జంతికల గొట్టానిదే. పాలీప్రొపిలీన్ గుళికలు వేడెక్కిన గొట్టంలో పడతాయి. లోపల తిరిగే పెద్ద మర వాటిని ముందుకు తోస్తూ, సుమారు 220 డిగ్రీల దగ్గర కరిగించి, చివర ఉన్న రంధ్రం గుండా ఉక్కు అచ్చులోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి అచ్చు రెండు సగాలూ విడిపోకుండా పట్టి ఉంచాలంటే వెయ్యి టన్నులకు అటూ ఇటూ బలం కావాలి. అచ్చులోపలి సన్నని కాలువల్లో చల్లని నీళ్లు పారుతుంటాయి. ప్లాస్టిక్ గట్టిపడగానే అచ్చు తెరుచుకుంటుంది, కుర్చీ బయటికొస్తుంది. మొత్తం పని ఒక నిమిషానికి కాస్త అటూ ఇటూ.

మీ ఇంట్లో కుర్చీని తిరగేసి చూడండి. సాధారణంగా పలక కింద మధ్యలో చిన్న గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి వచ్చిన దారి అదే. అక్కడి నుంచి బయల్దేరి, గట్టిపడేలోగా నాలుగు కాళ్ల కొసలకూ, వీపు పైఅంచుకూ చేరాలి.

అచ్చు ఒక్కోటి లక్షల రూపాయలు పలుకుతుంది. ఒకే అచ్చులో లక్షల కుర్చీలు పోస్తే ఒక్కో కుర్చీ మీద పడే అచ్చు ఖర్చు నామమాత్రం. మిగిలేది ముడిసరుకు ధర, కరెంటు, రవాణా. పేర్చడానికి వీలైన కుర్చీ కాబట్టి లారీలో ఖాళీ జాగా మోసుకెళ్లాల్సిన అవసరమూ లేదు. చౌక వెనుక ఉన్న లెక్క ఇది.

ఆకారంలో ఉన్న తెలివి

ప్లాస్టిక్ మందం నాలుగైదు మిల్లీమీటర్లకు మించని ఈ కుర్చీ పెద్దమనిషి బరువును మోస్తుంది. మందం పెంచితే ప్లాస్టిక్ చల్లారడానికి ఎక్కువసేపు పడుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకే బలాన్ని ఆకారంతో తెచ్చారు. కాలు గుండ్రంగా కాకుండా, రెండు పలకలు మూల దగ్గర కలిసినట్టు వంగి ఉంటుంది. చదునైన పట్టీ సులువుగా వంగుతుంది, మడత పెట్టిన పట్టీ వంగదు. పలక అంచులు కిందికి తిరగడం, వీపు ఒంపు తిరగడం కూడా ఇందుకే. కాళ్లు కిందికి వచ్చేకొద్దీ బయటికి చాచి ఉండడం వల్ల అచ్చు నుంచి కుర్చీ తేలిగ్గా ఊడుతుంది, ఒకదానిమీద ఒకటి పేర్చడానికీ కుదురుతుంది. వీపులోని చీలికలు ప్లాస్టిక్‌ను ఆదా చేస్తాయి, గాలి ఆడనిస్తాయి. పలకలో ఉండే రంధ్రాలు నీళ్లు నిలవకుండా చూస్తాయి.

వీపు కొద్దిగా వెనక్కి వాలి ఉండడంలోనూ ఆలోచన ఉంది. నిటారుగా కూర్చున్నప్పటికంటే కాస్త వెనక్కి ఆనుకున్నప్పుడు నడుము దగ్గరి డిస్కుల మీద ఒత్తిడి తగ్గుతుంది.

మన ఊళ్లలో తెచ్చిన మార్పు

ఒకప్పుడు మన ఊళ్లలో కుర్చీ అందరిదీ కాదు. తెలంగాణలో దొర గడీలోనో, కోస్తాలో మునసబు గారి అరుగు మీదో, బడిలో పంతులు గారి బల్ల వెనకో ఉండేది. మిగిలినవారికి చాప, పీట, నులక మంచం. కులం పేరుతో అణచివేతకు గురైనవారు పెద్దింటివాళ్ల ఎదుట మంచం మీద కూర్చోవడాన్నే తప్పుగా చూసిన రోజులవి. శుభకార్యాలకు అద్దెకు తెచ్చే ఇనుప మడత కుర్చీలతో బరువు, తుప్పు, వేళ్లు నలిగే భయం.

1990ల మొదట్లో నీల్‌కమల్ వంటి సంస్థలు మోనోబ్లాక్ కుర్చీల తయారీ చేపట్టాక పరిస్థితి మారింది. కూలిపని చేసుకునే ఇంటికీ నాలుగు కుర్చీలు వచ్చాయి. టెంట్‌హౌస్ కుర్రాడు ఒక్కడే వాటి దొంతరను మోసుకెళ్లి పందిరి నింపేస్తున్నాడు. సభలో అందరికీ ఒకే ఎత్తు, ఒకే రకం ఆసనం. కుల వివక్ష ప్లాస్టిక్‌తో పోలేదు. కానీ ఇంటికొచ్చినవారిని ‘కూర్చోండి’ అని కుర్చీ వేసి గౌరవించే శక్తి పేదింటికి కూడా దక్కింది. అది చిన్న విషయం కాదు.

అందరూ దీన్ని ఆదరించలేదు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరం అందం చెడుతుందని 2008 నుంచి 2017 దాకా బహిరంగ ప్రదేశాల్లో ఈ కుర్చీలను నిషేధించింది. మరోవైపు అమెరికా ఇంజినీరు డాన్ షోండార్ఫర్ ఇదే కుర్చీకి సైకిల్ చక్రాలు బిగించి చౌకైన చక్రాల కుర్చీ చేశాడు. 2001లో మొదటి కుర్చీలు అందింది మన దేశంలోనే. ఆయన సంస్థ ఇప్పటికి వివిధ దేశాల్లో పది లక్షలకు పైగా చక్రాల కుర్చీలను నడవలేనివారికి ఉచితంగా చేర్చింది.

ఎండ తెచ్చే ముసలితనం

పాలీప్రొపిలీన్‌కు పెద్ద శత్రువు ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి దాని పొడవైన గొలుసులను ముక్కలు చేస్తాయి. మొదట రంగు వెలుస్తుంది. తర్వాత ముట్టుకుంటే చేతికి సుద్దలాంటి పొడి అంటుతుంది. ఆపైన సన్నని చీలికలు వస్తాయి. ఆ దశకు వచ్చిన కుర్చీ చెప్పకుండా విరుగుతుంది, కూర్చున్నవారికి దెబ్బ తగులుతుంది. మంచి తయారీదార్లు ఈ కిరణాలను తట్టుకునే రసాయనాలు కలుపుతారు. ధర తగ్గించాలనుకునేవారు వాటిని తగ్గించి, సున్నపురాయి పొడినీ, పదేపదే కరిగించిన పాత ప్లాస్టిక్‌నూ ఎక్కువగా కలుపుతారు. పొడి మోతాదు మించితే కుర్చీ బరువుగా ఉండి కూడా పెళుసుగా మారుతుంది. కాబట్టి బరువును బట్టి బలాన్ని అంచనా వేయకూడదు.

విరిగిన కుర్చీకి మామూలు సూపర్ గ్లూ పూసినా నిలవదు. పాలీప్రొపిలీన్ ఉపరితలం జిగురును పట్టుకోదు. వేడితో కరిగించి అతికితే కొంతవరకు నిలుస్తుంది. అయినా కాలు విరిగిన కుర్చీలో పెద్దవాళ్లను కూర్చోబెట్టవద్దు.

చిన్న గదికి ఎలా ఎంచుకోవాలి

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గదిలో ముగ్గురు కూర్చునే సోఫా సుమారు పదిహేను చదరపు అడుగులు ఆక్రమిస్తుంది, ఎవరూ లేనప్పుడు కూడా. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పేర్చి మూలన పెడితే నాలుగైదు చదరపు అడుగులు చాలు. రాత్రి అదే జాగాలో పక్క పరుచుకోవచ్చు. ఒకటే గది ఉన్న ఇంటికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు అరుదు.

కొనేముందు అందులో కూర్చోండి. అరికాళ్లు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. మోకాలి వెనుక, పలక అంచుకు మధ్య రెండు మూడు వేళ్లు పట్టే సందు ఉండాలి. ఇంట్లో పెద్దవయసువారుంటే చేతులున్న కుర్చీయే తీసుకోండి, లేచేటప్పుడు ఆధారం అదే. భోజనం బల్లకు, పిల్లల చదువుకు చేతులు లేనివి జాగా కలిసివచ్చేలా ఉంటాయి.

తర్వాత కుర్చీని తిరగేయండి. కాళ్లు పలకతో కలిసే చోట మందం, మడతలు బాగున్నాయా చూడండి. రంగు ఒక్కటిగా లేకుండా చారలు, మచ్చలు కనిపించినా, ఘాటైన కాలిన వాసన వచ్చినా వదిలేయండి. వీపును చేత్తో వెనక్కి నొక్కితే వంగి వెంటనే తిరిగి రావాలి, తెల్లటి గీత పడకూడదు. కాళ్ల కింద రబ్బరు తొడుగులు ఉన్నవి మేలు. నున్నటి టైల్స్ మీద కాళ్లు పక్కలకు జారి విరగడం ఈ కుర్చీలతో జరిగే ముఖ్యమైన ప్రమాదాల్లో ఒకటి.

వేసవిలో చెమట పడుతుందనుకుంటే పలుచటి నూలు గుడ్డ పరిస్తే సరి. కుర్చీని డాబా మీదా వాకిట్లోనూ ఎండకు వదిలేయకుండా లోపల పెడితే దాని ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

విరిగినదాన్ని చెత్తకుప్పలో వేయవద్దు, తగలబెట్టవద్దు. కుర్చీ కింద త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్ అని గుర్తు. పాత సామాన్ల దుకాణంలో ఇస్తే మళ్లీ కరిగి మరో వస్తువవుతుంది. అచ్చులో నిమిషంలో తయారయ్యే ఈ కుర్చీ మట్టిలో కలవడానికి మాత్రం తరాలు పడుతుంది. ఏటా ఒక నాసిరకం కుర్చీ కొని పారేయడం కంటే, కాస్త ఎక్కువ పెట్టి మంచిదాన్ని కొని పదేళ్లు వాడుకోండి. జేబుకూ, నేలకూ అదే మేలు.