ఏరుదాటిన పూచీకత్తు

భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉన్నది. దానిని ఆనుకొని ఉన్న ఎటపాక 2014 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. గట్టు తగాదాలో ఇక్కడివారు కేసులో చిక్కుకుంటే, జామీను నిలువగల మేనమామ అవతలి రాష్ట్రంవాడు కావచ్చు. ఆ జామీను చెల్లుతుందా?

ముందు సెక్షను చూడాలి. చేయిచేసుకొని మామూలు గాయం చేయడం భారతీయ న్యాయ సంహిత 115(2) కిందికి వస్తుంది, అది బెయిలబుల్. అక్కడ బెయిలు దయాభిక్ష కాదు, హక్కు. అరెస్టయిన వారంలోగా జామీను తేలేనివాణ్ణి నిరుపేదగా భావించి సొంత పూచీకత్తుపైనే విడువవచ్చునని నాగరిక్ సురక్షా సంహిత 478 చెబుతున్నది. ఈ సంగతి మన ఇళ్లలో ఎందరికి తెలుసు?

పోడు భూమి వద్ద అటవీ సిబ్బందితో పెనుగులాట జరిగితే దారి వేరు. విధుల్లోని ఉద్యోగిపై దాడి, అంటే సెక్షను 132, నాన్‌బెయిలబుల్. బెయిలు రాదని కాదు, నిర్ణయం కోర్టుది. స్త్రీలు, రోగుల విషయంలో సెక్షను 480 కొంత వెసులుబాటు చూపుతుంది.

ఇక మేనమామ మాట. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీపనివానికి మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను విధించి, సోదరుని ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని అతని పూచీని తిరస్కరించారు. 1978లో సుప్రీంకోర్టు, జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పుతో, ఆ తిరస్కారాన్ని తప్పుపట్టింది. కనుక పొరుగు రాష్ట్రపు పట్టా పాసుపుస్తకమైనా నిస్సంకోచంగా కోర్టు ముందుంచవచ్చునని మేము మనవి చేస్తున్నాము. వకీలుకు పైకం లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. స్త్రీలకు, గిరిజనులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది.