పాస్టరు రాకముందే పోగైన సంఘం

సంఘంలో నాయకుడు ఎవరని అడిగితే మన విశ్వాసుల చూపు నేరుగా ప్రసంగ వేదిక వైపు వెళుతుంది. తెల్లటి బట్టలు, చేతిలో బైబిలు, ముందు మైకు ఉన్నవాడు నాయకుడు. చాప మీద కూర్చుని వినేవారు విశ్వాసులు. ఈ లెక్క వల్ల జరుగుతున్న నష్టాన్ని చిట్యాల చుట్టుపక్కల పల్లెల్లో మేము కళ్లారా చూస్తున్నాం. ఇక్కడ ఒక్కో పాస్టరు నాలుగైదు ఊళ్లు చూసుకోవాలి. ఒక ఊళ్లో ఆదివారం ఉదయం ఆరాధన అయితే మరో ఊరికి సాయంత్రం వంతు. మధ్యలో ఆ ఊళ్లో ఒక బిడ్డకు జ్వరం వచ్చినా, ఆలుమగలు తగవు పడినా, అర్ధరాత్రి ఎవరైనా కన్నుమూసినా "అయ్యగారికి ఫోన్ చేయండి" అన్నదే మొదటి మాట. హైవే మీద లారీల రద్దీ దాటుకుని అయ్యగారు చేరేసరికి తెల్లవారుతుంది. అంతసేపూ ఆ గుమ్మంలో బాప్తిస్మం పొందినవారు ఇరవై మంది నిలబడే ఉంటారు. ఒక్కరూ నోరు తెరిచి ప్రార్థించరు. తమకు ఆ అధికారం లేదనుకుంటారు!

ఆదిసంఘం ఇలా లేదు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో యెరూషలేము సంఘానికి మొదటి పెద్ద చిక్కు అన్నం దగ్గరే వచ్చింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచమని సంఘానికే చెప్పారు. మూలభాషలో ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. విధవరాండ్రకు అన్నం పెట్టడాన్ని, అపొస్తలుల వాక్యపరిచర్యను లూకా ఒకే గ్రీకు మాటతో పిలిచాడు. ఆ మాట 'డయాకోనియా'. అన్నం గిన్నె పట్టుకున్న చేతికి, గ్రంథపు చుట్ట పట్టుకున్న చేతికి ఆయన పేరు మార్చలేదు. బల్ల దగ్గర వడ్డనకు పిలవబడిన ఆ ఏడుగురిలో స్తెఫను మొదటి హతసాక్షి అయ్యాడు. ఫిలిప్పు సమరయకు సువార్త తీసుకెళ్లాడు. అంతియొకయ సంఘాన్ని మొదలుపెట్టిన వారి పేర్లు కూడా మనకు తెలియవు. హింసకు చెదిరిపోయిన మామూలు విశ్వాసులు వెళ్లినచోటల్లా చెప్పుకుంటూ పోయారు, అంతే.

ఇదంతా బైబిలు కాలపు మాట, మన తెలుగు నేల మీద సాధ్యమా అని అనేవారు యర్రగుంట్ల పేరయ్య సంగతి తెలుసుకోవాలి. ఆయన మాదిగ కులంలో పుట్టినవాడు, తోళ్ల వ్యాపారం చేసుకునేవాడు. 1866లో ఒంగోలులో లైమన్ జూయెట్ దొర చేత బాప్తిస్మం పొందాడు. జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టడానికి అప్పటికి ఇంకా నెలలున్నాయి. బాప్తిస్మం పొందిన పేరయ్య దొర వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తన ఊరికి వెళ్లి బంధువులకు, వ్యాపారం మీద తిరిగే పల్లెల్లోని తనవారికి తాను నమ్మినది చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరిలో క్లౌ దొర ఒంగోలు నుంచి దాదాపు నలభై మైళ్లు ప్రయాణం చేసి పేరయ్య పల్లె చేరేసరికి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముప్ఫై నలభై మంది సద్దిమూటలతో వచ్చి ఎదురుచూస్తున్నారు. కొద్దిరోజుల బోధ తరువాత వారిలో 28 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు సంఘం ఆ నెల ఒకటో తేదీన మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మందే అన్న సంగతి పక్కన పెట్టి చూడండి. పేరయ్యకు అప్పుడు బిరుదు లేదు, జీతం లేదు. తోళ్లు కొనడానికి వెళ్లే దారులే ఆయన పరిచర్య దారులయ్యాయి. డేరాలు కుట్టుకుంటూ అపొల్లో అంతటి పండితునికి మార్గం విశదపరచిన అకుల ప్రిస్కిల్ల దంపతులు ఆయనను చూస్తే తమవాడే అనుకునేవారు.

పదేళ్ల తరువాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకుని, తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చినవారి చేత మట్టి ఎత్తించి, కూలి ఇప్పించి, మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు వారి కష్టసుఖాలు విన్నది ఆ మేస్త్రీలే. కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మాలిచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు పాస్టర్లు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకున్నారు. ఆ సంఖ్యను మన సభల్లో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం గానీ, కాలువ గట్టు మీది మేస్త్రీలను ఎవరూ తలచుకోరు.

మన నల్లగొండకు 1890 ప్రాంతంలో రష్యా నుంచి మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు ఏబ్రహాం ఫ్రీసెన్ దంపతులు వచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి పని చేశారు. ఒక్క కుటుంబం ఇంత పెద్ద మెట్టప్రాంతం తిరగగలదా? పల్లె పల్లెకూ నడిచింది తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు.

ఇక దోర్నకల్ బిషప్ అజరయ్య గారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన ఆయన, 1909 వరకు వైఎంసీఏ కార్యదర్శిగా పనిచేసిన మామూలు విశ్వాసి. గురువుగా అభిషేకం లేకుండానే 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముందు నిలిచారు. బిషప్ అయ్యాక ఆయన పల్లె సంఘాల్లో ఒక అలవాటు పెట్టారు. బాప్తిస్మం పొందినవారు ఎవరి తలపై వారు చెయ్యి పెట్టుకుని, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుడననీ, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అనీ పలకాలి. కొరింథీయులకు పౌలు రాసిన మాటను కూలిపని చేసుకునే స్త్రీ పురుషుల నోట పలికించారన్నమాట. బోధకులకు చదువు చెప్పేచోట భార్యలకూ చదువు చెప్పించారు.

ఇది చదివి రేపే విజిటింగ్ కార్డు అచ్చు వేయించుకునేవారూ ఉంటారు, వారికీ ఒక మాట. నాయకత్వం అంటే ఫ్లెక్సీ మీద ఫొటో కాదు, సంఘ కమిటీ ఎన్నికల్లో గెలవడం అంతకన్నా కాదు. సంఘంలో మొదటి స్థానం కోరుకున్న దియొత్రెఫే గురించి యోహాను తన మూడో పత్రికలో ఏమి రాశాడో చదువుకోండి. వాక్యం తెలియకుండా ఉత్సాహం ఒక్కటే ఉన్నవారు సంఘాన్ని చీల్చడం మేము ఈ ప్రాంతంలోనే చూశాం. అందుకే నేర్చుకోవాలి, దిద్దితే దిద్దించుకోవాలి. అపొల్లో అంత వాగ్ధాటి ఉండి కూడా డేరాలు కుట్టేవారి దగ్గర కూర్చున్నాడు. పాస్టర్ల వంతూ ఉంది. పొద్దున నుంచి సాయంత్రం వరకు ఒక్కడే తీర్పు తీర్చుతున్న మోషేతో, ఇలాగైతే నువ్వూ జనమూ నలిగిపోతారని మామ యిత్రో చెప్పాడు. మోషే విన్నాడు. మనలో కొందరం వినం. ఇంకొకరు ప్రార్థిస్తే మన విలువ తగ్గుతుందేమోనని లోపల ఒక భయం!

మా సంఘాల్లో పత్తి ఏరడానికి కూలికి వెళ్లే ఒక అక్క ఉంది. పెద్ద అక్షరాల బైబిలును వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతుంది. పాట ఎత్తుకోవడం రాదు. అయితే వాడలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆమెకు తెలుస్తుంది. పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, గిన్నెలో కాస్త కూర పట్టుకుని ఆ ఇంటికి వెళుతుంది, తిన్నాక ఒక కీర్తన చదివి ప్రార్థన చేసి వస్తుంది. ఆమెను ఎవరూ నాయకురాలు అనలేదు. కిందటి వానాకాలంలో ఆ వాడలో ఒక పెద్దాయన రాత్రివేళ చనిపోతే, మేము వెళ్లేసరికి ఇంటివారు ఏడుపు ఆపి నెమ్మదిగా కూర్చుని ఉన్నారు. ఆమె వారి మధ్య దీపం దగ్గర కూర్చుని, 23వ కీర్తన రెండోసారో మూడోసారో, వేలు పెట్టి చదువుతోంది. మేము చెప్పులు విడిచి, ఆమె చదవడం పూర్తయ్యేదాకా గుమ్మం దగ్గరే ఆగాం.