శిఖరారోహణ వాణిజ్యం: పెరుగుతున్న యాత్రలు, తెలుసుకోవలసిన వాస్తవాలు

ఎవరెస్ట్ శిఖరాన్ని అధిరోహించేందుకు ఆర్థిక సహాయం కోరుతూ యువతీయువకులు ప్రభుత్వ శాఖలను, జిల్లా యంత్రాంగాన్ని, దాతలను ఆశ్రయించడం తెలుగు రాష్ట్రాలలో కొత్త విషయం కాదు. వారిలో అనేకులు సామాన్య కుటుంబాలకు, గిరిజన తండాలకు చెందినవారు. సహాయం మంజూరైనప్పుడు అది లక్షల రూపాయలలోనే ఉంటుంది. అయితే ఆ మొత్తం ఎవరికి చేరుతుంది, దానికి ప్రతిగా ఏ సేవలు లభిస్తాయి, ప్రాణాపాయం ఎదురైతే బాధ్యత ఎవరు వహిస్తారు అనే అంశాలపై అవగాహన పరిమితంగానే ఉంది. గత నాలుగు దశాబ్దాలలో శిఖరారోహణ ఒక పెద్ద వాణిజ్యంగా రూపుదిద్దుకున్న తీరును గమనించినప్పుడే ఈ ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది.

1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీ, టెన్జింగ్ నార్గే తొలిసారిగా ఎవరెస్ట్ శిఖరాన్ని చేరుకున్నప్పుడు అది బ్రిటిష్ బృందం చేపట్టిన యాత్ర. 1965లో ఎం.ఎస్. కోహ్లీ నాయకత్వంలోని భారత బృందం నుంచి 9 మంది శిఖరాన్ని అధిరోహించారు. 1984 మే 23న బచేంద్రీ పాల్ ఈ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. ఈ యాత్రలన్నింటికీ వెనుక ఒక దేశమో, ఒక జాతీయ సంస్థో ఉండేది. సభ్యులను సంస్థ ఎంపిక చేసేది, ఖర్చును సంస్థే భరించేది.

1985లో ఈ పద్ధతి మారడం ఆరంభమైంది. అమెరికా వ్యాపారవేత్త డిక్ బాస్ 55 ఏళ్ల వయసులో, అనుభవజ్ఞుడైన డేవిడ్ బ్రేషియర్స్ తోడుగా ఎవరెస్ట్ చేరుకుని, ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను పూర్తిచేసిన మొదటి వ్యక్తి అయ్యారు. తగిన ఆర్థిక స్తోమత, దారి చూపే నిపుణుడు ఉంటే వృత్తిరీత్యా పర్వతారోహకుడు కానివాడు కూడా శిఖరం చేరగలడని ఆ యాత్ర నిరూపించింది. 1990వ దశకంలో రుసుము తీసుకుని శిఖరానికి తీసుకువెళ్లే సంస్థలు వెలిశాయి. 1996 మే 10, 11 తేదీలలో వచ్చిన తుఫానులో 8 మంది మరణించారు. వారిలో అటువంటి రెండు సంస్థల నాయకులు రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ కూడా ఉన్నారు. ఆ దుర్ఘటనతో గిరాకీ తగ్గుతుందని భావించినవారి అంచనా తప్పింది.

నేపాల్ ప్రభుత్వం ఎవరెస్ట్‌కు జారీచేసిన అనుమతుల సంఖ్య 2019 వసంత రుతువులో 381 కాగా, 2021లో 408కి, 2023లో 478కి చేరింది. ఇవి విదేశీ ఆరోహకులకు ఇచ్చిన అనుమతులు మాత్రమే. వారితోపాటు కనీసం అంతే సంఖ్యలో స్థానిక సిబ్బంది పర్వతం మీద ఉంటారన్న సంగతి వార్తలలో తరచుగా కనిపించదు. ఒక్కొక్కరు చెల్లించవలసిన అనుమతి రుసుము 2015 నుంచి 11,000 డాలర్లుగా ఉండగా, 2025 సెప్టెంబరు 1 నుంచి వసంత రుతువుకు 15,000 డాలర్లకు పెరిగింది. అనుమతి గడువును 75 రోజుల నుంచి 55 రోజులకు కుదించారు. 8,000 మీటర్లు దాటిన శిఖరాలపై ప్రతి ఇద్దరు ఆరోహకులకు ఒక గైడ్ తప్పనిసరి అయింది.

ఈ రుసుము ప్రభుత్వానికి చేరే మొత్తం మాత్రమే. నిర్వాహక సంస్థకు చెల్లించేది దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ సొమ్ముతో లభించేది ప్రధానంగా మనుషుల శ్రమ. దక్షిణ మార్గంలో బేస్ క్యాంపు దాటగానే ఖుంబు ఐస్‌ఫాల్ ఎదురవుతుంది. ఇది నిత్యం కదులుతూ, పగుళ్లు విచ్చుతూ ఉండే మంచుగడ్డల ప్రవాహం. దీనిపై నిచ్చెనలు, తాళ్లు అమర్చే నిపుణులను ‘ఐస్‌ఫాల్ డాక్టర్లు’ అని పిలుస్తారు. అక్కడి నుంచి శిఖరం వరకు తాళ్లు బిగించేవారు, గుడారాలు మోసేవారు, వంట చేసేవారు, ఆక్సిజన్ సిలిండర్లను పై శిబిరాలకు చేర్చేవారు వేరు. రుసుము చెల్లించిన ఆరోహకుడు అలవాటు పడటం కోసం ఐస్‌ఫాల్‌ను కొద్దిసార్లు దాటితే, సామగ్రి మోసే సిబ్బంది అంతకన్నా ఎన్నో పర్యాయాలు దాటవలసి వస్తుంది. ప్రమాదం ఎవరి భుజాల మీద ఎక్కువగా ఉందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

2014: ఒకే పర్వతం, రెండు వార్తలు

తెలుగు పాఠకులకు 2014 సంవత్సరం అనగానే మాలావత్ పూర్ణ గుర్తుకు వస్తారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన వ్యవసాయ కూలీల కుమార్తె, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని అయిన పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరంపై నిలిచారు. అప్పటికి ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు. ఎవరెస్ట్ చేరిన బాలికలలో అతి పిన్న వయస్కురాలు ఆమే. ఖమ్మం జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా అదే యాత్రలో శిఖరాన్ని చేరుకున్నారు. తెలంగాణ రాష్ట్ర అవతరణకు అప్పటికి 8 రోజులే ఉంది.

అదే సంవత్సరం, అదే పర్వతం దక్షిణ పార్శ్వంలో ఏప్రిల్ 18 ఉదయం ఖుంబు ఐస్‌ఫాల్‌పై మంచు చరియలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. ముగ్గురి మృతదేహాలు లభించలేదు. వారంతా తమ సంస్థల ఆరోహకుల కోసం దారి సిద్ధం చేస్తూ, సామగ్రి చేరవేస్తూ ఉన్నవారే. తక్షణ సహాయంగా ఒక్కో కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు ప్రకటించడంపై షెర్పాలు తీవ్ర ఆగ్రహం వ్యక్తం చేశారు. యాత్రలకు సహకరించబోమని తేల్చిచెప్పారు. ఫలితంగా దక్షిణ మార్గంలో ఆ రుతువు యాత్రలు దాదాపు నిలిచిపోయాయి. ఆందోళన అనంతరం సిబ్బందికి తప్పనిసరి ప్రాణ బీమాను 10 లక్షల నేపాలీ రూపాయల నుంచి 15 లక్షలకు పెంచారు. 2025 నిబంధనలలో ఉన్నత పర్వత గైడ్లకు ఇది 20 లక్షలయింది.

పూర్ణ, ఆనంద్‌ల బృందం టిబెట్ వైపు నుంచి అధిరోహించినందున యాత్ర కొనసాగింది. నేపాల్‌లో 16 ఏళ్లు నిండనివారికి అనుమతి లేకపోవడం ఉత్తర మార్గాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం. ఆ మార్గంలో బేస్ క్యాంపు వరకు వాహనాలు వెళతాయి. ఖుంబు ఐస్‌ఫాల్ వంటి అవరోధం లేదు. అయితే గాలి తీవ్రత ఎక్కువ, 8,000 మీటర్లపైన గడపవలసిన సమయం ఎక్కువ, శిఖరానికి ముందు మూడు రాతి మెట్లను దాటవలసి ఉంటుంది. మార్గం మారితే ప్రమాదం రూపు మారుతుంది తప్ప తొలగిపోదు.

ఆ యాత్రలో అధికారులు ప్రత్యేకంగా గమనించవలసినది అంతకుముందు జరిగిన సన్నాహం. అప్పటి గురుకుల సంస్థ కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ చొరవతో, 2007లో ఎవరెస్ట్ అధిరోహించిన బచినేపల్లి శేఖర్ బాబు పర్యవేక్షణలో విద్యార్థులకు తొలుత భువనగిరి కొండపై రాతి ఆరోహణ నేర్పారు. ఆ తరువాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ, లడఖ్‌లో శీతకాలపు అభ్యాసం జరిగాయి. ప్రతి దశలోనూ కొందరిని తగ్గిస్తూ చివరకు ఇద్దరిని ఎంపిక చేశారు. పతాక శీర్షికలకెక్కింది వయసు. పిల్లలను క్షేమంగా దింపింది మాత్రం ఈ వడపోతే. పూర్ణ 2022లో ఏడు ఖండాల శిఖరాలను పూర్తి చేశారు. వయసు రికార్డు కోసం మరింత చిన్నవారిని పంపాలన్న ప్రతిపాదనలు వచ్చినప్పుడు ఈ నేపథ్యాన్ని విస్మరించరాదు.

ఆక్సిజన్ లెక్క

2019 మే 22న శిఖరం కింద గట్టుపై బారులు తీరిన ఆరోహకుల ఛాయాచిత్రం ప్రపంచమంతటా ప్రచురితమైంది. దానిని తీసినవారు నిర్మల్ పుర్జా. ఆ రుతువులో ఎవరెస్ట్‌పై 11 మంది మరణించారు. రద్దీ ఎందుకు ప్రాణాంతకమో ఒక చిన్న లెక్క వివరిస్తుంది. 4 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ పీడనంతో నింపిన ఆక్సిజన్ సుమారు 1,200 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే అది 10 గంటలు, 4 లీటర్ల చొప్పున వాడితే 5 గంటలు మాత్రమే వస్తుంది. వరుసలో కదలకుండా నిలబడిన రెండు మూడు గంటలు కూడా ఇందులోనే ఖర్చవుతాయి. ఒక్కొక్కరికి ఎన్ని సిలిండర్లు కేటాయించారు, అదనపు నిల్వ ఏ శిబిరంలో ఉంది అనే ప్రశ్నకు తక్కువ ధరకు యాత్ర నిర్వహించే కొన్ని సంస్థలు స్పష్టమైన సమాధానం ఇవ్వవు. సహాయం మంజూరు చేసే అధికారి తప్పనిసరిగా అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

రెండవది, ఆరోహకునికి తోడుగా వచ్చే గైడ్ గత అనుభవం. మూడవది, హెలికాప్టర్ రక్షణ, చికిత్స, దురదృష్టవశాత్తు మరణం సంభవిస్తే భౌతికకాయం తరలింపు వరకు వర్తించే బీమా. మూడవ అంశాన్ని ప్రస్తావించడానికి సంకోచించడం సహజమే కానీ, 8,000 మీటర్ల ఎత్తు నుంచి భౌతికకాయాన్ని దించడానికి అయ్యే వ్యయం ఏ సామాన్య కుటుంబమూ భరించగలిగేది కాదు. బీమా విషయంలో మోసాలకూ కొదవలేదు. అవసరం లేకున్నా యాత్రికులను హెలికాప్టర్‌లో తరలించి బీమా సొమ్ము వసూలు చేసిన వ్యవహారంపై నేపాల్ ప్రభుత్వం 2018లో విచారణ జరిపింది.

ముందస్తు అనుభవం మరో ముఖ్యాంశం. ఎవరెస్ట్ అనుమతి కోరేవారు నేపాల్‌లోని 7,000 మీటర్లకు మించిన శిఖరాన్ని ముందుగా అధిరోహించి ఉండాలన్న నిబంధనతో ఒక బిల్లును 2025లో నేపాల్ ఎగువ సభలో ప్రవేశపెట్టారు. మన దేశంలో డార్జిలింగ్, ఉత్తరకాశీ సంస్థలు నిర్వహించే ప్రాథమిక, ఉన్నత కోర్సులు ఈ అనుభవానికి తొలి మెట్టు. ఉన్నత కోర్సు కూడా పూర్తి చేయని అభ్యర్థికి ఎవరెస్ట్ కోసం సహాయం చేయడం అభ్యర్థికే హాని కలిగించవచ్చు.

వాణిజ్యంలో మరో మార్పు కూడా పేర్కొనదగినది. తొలినాళ్లలో పాశ్చాత్య సంస్థల ఆధిపత్యం ఉండగా, ఇప్పుడు నేపాలీ యాజమాన్యంలోని సంస్థలే అధిక సంఖ్యలో యాత్రలు నిర్వహిస్తున్నాయి. 2021 జనవరి 16న శీతకాలంలో కే2 శిఖరాన్ని తొలిసారి చేరిన 10 మందీ నేపాలీలే. కామీ రీతా షెర్పా 2025 మే నాటికి ఎవరెస్ట్‌ను 31 సార్లు అధిరోహించారు. పోటీ పెరగడంతో ధరలు తగ్గి, మధ్యతరగతి భారతీయులకు యాత్ర అందుబాటులోకి వచ్చింది. ధర తగ్గిన చోట దేనిలో కోత పడిందో పరిశీలించవలసిన అవసరం కూడా అంతే పెరిగింది. ఇక వ్యర్థాల సమస్య సుపరిచితమే. బృందానికి 4,000 డాలర్ల పూచీకత్తుతో 2014లో ప్రవేశపెట్టిన పద్ధతి ఆశించిన ఫలితం ఇవ్వలేదని 2025 చివరలో నేపాల్ అధికారులే అంగీకరించారు.

ఈ వాణిజ్య ధోరణికి భిన్నమైన దారి ఎంచుకున్న తెలుగువారూ ఉన్నారు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివి, 2006లో 172 రోజులలో ఏడు ఖండాల శిఖరాలను అధిరోహించారు. ఆయన 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరి యాత్రలో కన్నుమూశారు. పర్వతారోహణ అంటే మంచు శిఖరాలే కానవసరం లేదన్నది కూడా గుర్తించదగిన విషయం. గోడ ఎక్కే క్రీడ టోక్యో ఒలింపిక్స్‌తో 2021లో ఒలింపిక్ వేదికపైకి వచ్చింది. 2024 పారిస్‌లో వేగ విభాగానికి విడిగా పతకాలు ఇచ్చారు. ఏకశిలగా నిలిచిన భువనగిరి కొండ ఉన్న ప్రాంతానికి ఈ క్రీడ ఎవరెస్ట్ కన్నా చేరువైనది, ఖర్చు తక్కువైనది.

ధ్రువీకరణ

పాత్రికేయులకు, మంజూరు అధికారులకు తరచుగా ఎదురయ్యే చిక్కు, శిఖరం చేరినట్లు చెప్పేవారి మాటను నిర్ధారించుకోవడం. 2016లో ఎవరెస్ట్ చేరినట్లు మార్చిన ఛాయాచిత్రాలు సమర్పించిన ఒక భారతీయ జంటపై నేపాల్ 10 ఏళ్ల నిషేధం విధించింది. అదే ఏడాది అధిరోహించినట్లు ప్రకటించుకున్న మరొకరు 2020లో జాతీయ సాహస పురస్కారానికి సైతం ఎంపికయ్యారు. తోటి ఆరోహకులు అభ్యంతరం తెలపడంతో పురస్కారం నిలిచిపోగా, 2021లో నేపాల్ ఆరేళ్ల నిషేధం ప్రకటించింది. ఈ రెండు సందర్భాలలోనూ తొలుత ధ్రువపత్రం జారీ అయింది. కనుక ధ్రువపత్రం ఒక్కటే ఆధారం కాజాలదు. శిఖరంపై తీసిన అసలు చిత్రాలు, వాటిలో చుట్టుపక్కల శిఖరాలు కనిపించే తీరు, వెంట ఉన్న గైడ్ వాంగ్మూలం, అదే రోజు పైకి వెళ్లిన ఇతర బృందాల సమాచారం సరిపోల్చాలి. ఎలిజబెత్ హాలీ దశాబ్దాల పాటు సేకరించిన వివరాల ఆధారంగా నడుస్తున్న హిమాలయన్ డేటాబేస్ ఇందుకు ఉపకరిస్తుంది.

వార్తా రచనలో మరొక చిన్న సవరణ అవసరం. ‘షెర్పా’ అన్నది ఒక జాతి పేరు, ఉద్యోగం పేరు కాదు. పర్వతంపై పనిచేసే గైడ్లలో తమాంగ్, రాయ్, గురుంగ్, మగర్ తదితర వర్గాలవారు కూడా ఉన్నారు. శిఖరంపై పతాకంతో నిలిచిన ఆరోహకుని చిత్రం కింద అతని పేరు, జిల్లా, దాతల పేర్లు ముద్రిస్తున్నారు. పక్కనే నిలబడిన రెండవ వ్యక్తి పేరు అనుమతి పత్రాలలో, యాత్రా నివేదికలో నమోదై ఉంటుంది. నిర్వాహక సంస్థను అడిగి తీసుకోవచ్చు.