పద్దునకు కాపలా ఎవరు?

అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దునకు చేరువగా నున్న కుందుర్పి మెట్టప్రాంతము. ఏటా సగటున 55 సెంటీమీటర్ల వర్షము మాత్రమే పడు ఈ జిల్లాలో వేరుసెనగ రైతు తరచు అప్పు చేసియే విత్తనము కొనవలెను. పంట పోయిన ఏట, అతని పేర నున్న అప్పు పద్దు సరిగా లేనిచో మరుసటి ఏటి సేద్యమే నిలిచిపోవును.

పూర్వము సహకార సంఘములలో ఈ పద్దులు చిట్టాలోను, ఆవర్జాలోను ఉండెడివి. దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటర్లకు ఎక్కించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూన్‌లో ఆమోదించినది. కాగితముపై దస్తూరిని బట్టి వ్రాసినదెవరో తెలియును. దిద్దినచోట మరక మిగులును. కంప్యూటరులో అందరి అక్షరములు ఒక్కటే. కావున అచ్చట లెక్కల సాఫ్ట్‌వేరు ప్రతి ఉద్యోగిని మూడు ప్రశ్నలు అడుగవలెను: మీరెవరు? మీరేమి చేయవచ్చును? మీరేమి చేసితిరి?

మీరెవరు?

ఈ ప్రశ్నకు సమాధానము పాస్‌వర్డ్, అనగా సంకేతపదము. 1960 దశాబ్దపు తొలి సంవత్సరములలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కొర్బాటో బృందము, ఒకే కంప్యూటరును పలువురు వాడుకొనునప్పుడు ఎవరి దస్త్రములు వారికే దక్కుటకు దీనిని ప్రవేశపెట్టినది.

మంచి సాఫ్ట్‌వేరు సంకేతపదమును ఉన్నదున్నట్లు దాచుకొనదు. గానుగలో ఆడిన నూనెను తిరిగి గింజగా మార్చలేనట్లే, దానిని వెనుకకు మార్చలేని గణితక్రియతో వేరొక రూపముగా మార్చి దాచును. లాగిన్ అగునప్పుడు టైపు చేసిన పదమును అదే విధముగా మార్చి, రెండు ఫలితములను పోల్చి చూచును.

ఆ దస్త్రమును దొంగిలించినవాడు ఊహించి చూడవలసినదే. అతని యంత్రము సెకండునకు 1,000 కోట్ల ఊహలు పరీక్షింపగలదనుకొన్నచో, 8 చిన్న ఇంగ్లీషు అక్షరముల పదములన్నియు 21 సెకండ్లలో ముగియును. 12 అక్షరములకు సుమారు 110 దినములు, 16 అక్షరములకు సుమారు 1,38,000 సంవత్సరములు పట్టును. అయితే ఊరి పేరు, బిడ్డ పేరు, పుట్టిన తేది వంటివాటిని దొంగ మొదటనే ప్రయత్నించును. కావున పరస్పర సంబంధము లేని నాలుగైదు మాటలు కలిపిన పొడుగాటి పదము మేలు. కొన్ని తప్పు ప్రయత్నముల తరువాత లాగిన్ మూసికొనునట్లును, వాడకున్నచో తెర దానంతట అదే మూతపడునట్లును అమర్చవలెను.

మీరేమి చేయవచ్చును?

ఎవరికి ఎంత పని కలదో అంత అధికారమే ఇవ్వవలెనను సూత్రమును 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు స్పష్టపరచిరి. గుమాస్తా పద్దు వ్రాయును, కార్యదర్శి ఆమోదించును, తనిఖీదారు చూచును గాని మార్చలేడు. ఇనుపపెట్టెకు రెండు తాళపుచెవులు ఇద్దరి వద్ద నుండుట వంటిదే ఈ ఏర్పాటు. వ్రాసినవాడే ఆమోదించు వీలున్నచో రెండవ తాళము లేనట్లే. ఉద్యోగి బదిలీయైన దినముననే అతని లాగిన్‌ను రద్దు చేయవలెను.

మీరేమి చేసితిరి?

ప్రతి మార్పును ఎవరు, ఎప్పుడు చేసిరో సాఫ్ట్‌వేరు వేరుగా నమోదు చేయును. ఆ నమోదును ఏ ఉద్యోగియు చెరిపివేయు వీలుండరాదు.

ఒక ఉదాహరణ చూడుడు. ఒక రైతు 40,000 రూపాయలు కట్టెను. ఖాతాలో 4,000 మాత్రమే జమ పడెను. ఎవరి లాగిన్ వారికే యున్నచో ఆ పద్దు వ్రాసినవారు, ఆమోదించినవారు వెంటనే తెలియుదురు. పొరపాటైన దిద్దుదురు, మోసమైన పట్టుకొందురు. పనిత్వరలో ముగ్గురును ఒకే సంకేతపదము వాడుచున్నచో, ఆ నమోదులో ఒక్క పేరే కనిపించును. దోషి దొరకడు, నిర్దోషి అనుమానమునకు గురియగును, రైతు బాకీదారుగనే నిలుచును.

కావున సంకేతపదమును పంచుకొనుట సాయము కాదు, తన సంతకమును పరులకిచ్చుటయే. రైతు వైపున కూడ ఒక కాపలా కలదు: రసీదును భద్రపరచి, పాసుపుస్తకములోని అంకెతో సరిచూచుకొనుట. ఎంత గొప్ప సాఫ్ట్‌వేరునకైనను ఆ కాగితపు ముక్క సాక్ష్యము అవసరమే.